స్టేజీ లేని చోటు

బాడుగ బండి ఇచ్చే పిల్లోడు
చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు.
ఎడమ తలుపు మీద సన్న గీత,
వెనక బంపరుకు సొట్ట.
"ఇవి పాతవి మేడం, వీటికి మీరు పూచీ కాదు."
ఎంత బావుందో ఆ మాట!
అరవై నిండబోయే ఈ ఒంటికి కూడా
ఎవరైనా అట్లా ఒక కాయితం రాసిస్తే బావుండు.

"డ్రైవరెవరు?" అన్నాడు మళ్ళీ.
లైసెన్సు చేతిలో పెట్టాను.
మొగిలేశ్వరి. ఫోటో నాదే. తారీఖు మొన్న ఫిబ్రవరిది.

పంతొమ్మిదేళ్ళు తిరుపతి - మదనపల్లె సర్వీసులో
కిటికీ పక్కన జారిపోతుంటే చూసిన రోడ్డు ఇది.
ముందు కూర్చుంటే
మనమీదికే వస్తుందని ఇవాళే తెలిసింది.
భాకరాపేట ఘాట్‌లో ప్రతి మలుపుకీ
ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచి
లేని కమ్మీని పట్టుకోబోయింది.

ఊళ్ళు నాకు చిల్లరతో గుర్తు.
పీలేరంటే చెమటకు తడిసిన పది నోట్లు,
కలికిరంటే ఎప్పుడూ బాకీ పడే రెండు రూపాయలు,
వాయల్పాడంటే మేకపిల్లకు
టికెట్టు కొట్టాలా వద్దా అనే తగాదా.

పీలేరు దాటితే
పచ్చదనం దిగిపోతుంది, దాని స్టాపొచ్చినట్టు.
ఇంక ఎర్రమన్ను. గుండ్లు.
ఒకదాని భుజాన ఒకటెక్కి
ఏ బస్సు కోసమో కాచుకున్న గుండ్లు.
చెనిక్కాయ చేలు మొలకలోనే మాడినాయి.
బోరుబండి ఒకటి ఎదురొచ్చింది, ఒళ్ళంతా తెల్ల పిండి.
నీళ్ళు పడుంటే బురదతో వచ్చేది.
జిల్లా పేరు మార్చినారు,
ఎండకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

కలికిరి కాడ ఒకామె చెయ్యెత్తింది.
ముందుకు రమ్మంటే రాలేదు, వెనకే కూర్చుంది.
దిగేటప్పుడు యాభై నోటు చాపింది.
నా చెయ్యి నడుం దగ్గర సంచీ వెతికింది.
"చిల్లర లేదమ్మా" అన్నాను.
ఉద్యోగం పోయినా ఆ మాట పోలేదు.

వాయల్పాడు దాటాక రెండో మలుపు.
ఆఖరు ట్రిప్పులో, గుండ్లు తప్ప ఏమీ లేని ఈ చోట
"ఈడ ఆపు" అని దిగేవాడొకాయన.
చేతిలో టార్చీ, బన్నుల పొట్లం.
"ఇది స్టేజీ కాదు" అని మస్తాన్‌వలి గొణిగినా
బ్రేకు మీద కాలేసేవాడు.
స్టేజీ లేని చోటికి
తర్వాతి స్టేజీ డబ్బులు కట్టాలి, రూలు.
ప్రతి రాత్రీ, పోయేదానికంటే
రెండు రూపాయలెక్కువ కట్టి దిగేవాడు.
యాడికని నేనడగలేదు.
ఆయన రావడం మానేసిన సంగతి కూడా
నాలుగు రోజులకు గాని పట్టలేదు నాకు.

ఇవాళ బండి మట్టిబాటలోకి తిప్పాను.
తుమ్మకంప కుడి తలుపును కర్రుమని గీరింది.
బాట చివర మోటారు లేని మోటారు కొట్టం,
రాతిపలక మూతేసిన గొట్టం,
గోడ మీద బొగ్గుతో అంకెలు:
420
610
850
నాలుగిరవై, ఆరూ పది, ఎనిమిదీ యాభై...
బస్సు టైములనుకున్నాను.
ఆ టైములకు ఏ సర్వీసూ లేదే అని
చాలాసేపు నిలబడి లెక్కేశాను.
కింద, అన్నిటికంటే పెద్దగా,
1120.
పదకొండిరవైకి బస్సెక్కడుంది?

అప్పుడర్థమైంది, అడుగులు.

పలక జరపలేదు. రాయి వేసి వినలేదు.
సీసాలో మిగిలిన నీళ్ళు తాగడానికి
ఎందుకో బండి దాకా వెనక్కి నడిచాను.

రాత్రి తొమ్మిదికి తిరుపతిలో బండి అప్పజెప్పాను.
పిల్లోడు సెల్లు లైటేసి చూసి
"కుడి తలుపు మేడం, ఇది కొత్తది" అన్నాడు.
"నాదే, రాసుకో."
"యాడ గీసుకునింది?"
చెప్పబోయి ఆగాను. ఆ చోటికి పేరు లేదు.
"వాయల్పాడు దాటాక" అన్నాను.
"తర్వాతి స్టేజీ దాకా కొట్టు."