మూడూ నలభై

గ్రిమ్స్‌బీ చేపల వేలంశాల, మేడమీద గది.
కిందనించి కాడ్ వాసన మెట్లెక్కి వచ్చి
నాకన్నా ముందే కుర్చీలో కూచుంది.
తెర మీద అదే వాక్యం, నిన్నటిదే, మొన్నటిదే:
ఒకటో నంబరు హార్డ్ డిస్కు మీద
కంట్రోలర్ లోపం కనిపించింది.

కనిపించిందట. ఎవరికి?
డ్రైవరుకి. డ్రైవరంటే ఎవరు?
ఎన్నడూ డిస్కు మొహం చూడని గుమాస్తా.
చూసినట్టు సంతకం మాత్రం పెడతాడు.

వేళ, తెల్లవారుజాము మూడూ నలభై.
వరసగా పదకొండు ఎర్ర గుర్తులు,
చీమలు కుట్టిన చెయ్యిలా ఉంది చిట్టా.
ఆ తర్వాత ఏమీ జరగనట్టే ఉంటుంది.
ఏడింటికి వేలం. అప్పటికి తూకాలన్నీ
ఈ పెట్టెలోనే ఉండాలి:
హాడక్ ఎన్ని బుట్టలు, ఏ పడవది, ఐసు తీసేస్తే ఎంత.

మొదటి రాత్రి డిస్కునే అనుమానించాను.
ఎవరైనా అదే చేస్తారు,
ఫిర్యాదులో పేరు దానిదే కదా.
ఒక్కో సెక్టారునీ తట్టి అడిగాను
నాలుగు గంటలసేపు, బాగున్నావా, బాగున్నావా అని.
బాగున్నానంది ప్రతిదీ.
నేను నమ్మలేదు.
కొత్తది బిగించి, పాతదాని వీపు మీద
మార్కరుతో చెడిపోయింది అని రాసి
చెత్తబుట్టలో వేశాను.

రెండో రాత్రి, మూడూ నలభై.
కొత్త డిస్కు మీద పాత వాక్యం.

డ్రైవరు మార్చాను. ఫర్మ్‌వేర్ మార్చాను.
అద్దిల్లు అచ్చిరాలేదని వీధి మార్చినట్టు
వేరే పోర్టుకి తిప్పాను.
వోల్టేజి కొలిచాను: పన్నెండు, పన్నెండు, పన్నెండు.
మూడో రాత్రికి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు
విండోస్‌నే తిట్టాను, తెలుగులో,
హంబర్ గాలి తప్ప వినేవాళ్లు లేరు కదాని గట్టిగానే.

ఉన్నారు. మోరీన్ టాస్కర్,
ముప్ఫయ్యొక్కేళ్లుగా ఇక్కడ తూకాలు రాసే మనిషి,
రెండు కప్పుల టీతో గుమ్మంలో నించుంది.
భాష తెలీకపోయినా భావం తెలిసినట్టుంది.
"మూడూ నలభైకేనా?" అంది.
"ఐసు మిషను మొదలయ్యేది అప్పుడే కదా, పిల్లా.
నా టీ వణకడం చూడలేదూ?"

చూడలేదు.
మూడు రాత్రులూ తెరనే చూశాను.
బల్ల మీద కప్పుని చూడలేదు.

కింద ఎక్కడో ఇనుము దగ్గింది.
టీలో వలయం, వలయంలో ఇంకో వలయం.
మూత తీసిన పెట్టెలోకి టార్చి పట్టాను.
డిస్కుకీ బోర్డుకీ మధ్య ఎర్ర కేబులు,
జానెడుంటుంది, నాలుగు పౌన్లు చేస్తుంది,
కొసన క్లిప్పు విరిగి
ఊగే పన్నులా కదులుతోంది.
తెర మీద ఎర్ర గుర్తు ఒకటి, రెండు, మూడు.
వేలితో నొక్కి పట్టాను.
ఆగాయి.

చెప్పేది సరిగ్గానే చెప్పింది,
వినేది సరిగ్గానే వింది,
మాటే దారిలో జారింది.
ఇదేం గొప్ప సంగతి కాదు.
అలాంటి కేబుళ్లు ఆరు నా సంచిలోనే ఉన్నాయి,
మొదటి రాత్రి నించీ.

బుట్ట కుమ్మరించాను. టీ పొట్లాలు,
వెనిగర్ కంపు కొట్టే చిప్స్ కాగితం,
దాని కింద డిస్కు, వీపు మీద నా చేతిరాతతో.
స్పిరిట్ పోసి తుడిచాను.
చెడి చెరిగింది.
పోయింది మాత్రం పోలేదు.
అలాగే రెండో అరలో బిగించాను, బ్యాకప్‌కి.

నాలుగో రాత్రి మోరీనూ నేనూ కాపు కాశాం.
మూడూ నలభై. ఇనుము దగ్గింది. టీ వణికింది.
చిట్టాలో కొత్త వాక్యం పడలేదు.
అయినా నా చెయ్యి ఇంకా
కేబులు మీదికి పోబోతూనే ఉంది.

మోరీన్ తెరని నమ్మదు.
తన నీలం లెడ్జరు తెరిచి, తేదీ పక్కన ఏదో రాసింది.
ఏం రాశావంటే
నావైపు తిప్పి చూపించింది:
మూడూ నలభై. ఏమీ లేదు.