లావు అక్షరం

ఆదోని పత్తియార్డు గోడ మీద
అక్షరం మందం అంగుళముంటే చాలదు,
జానెడుండాల.
"బండ్ల దుమ్ములోంచి సూస్తారురా జనం,
కండ్లద్దాల్లోంచి గాదు"
అనేవాడు హుసేనప్ప.

సన్నగీత ఆయనకు గిట్టదు.
మొదలూ చివరా ఒకటే ఒడ్డు.
ఒక మేకు, మూర నూలుదారం, సీమసున్నం ముక్క,
అంతే సామాను.
మేకు దిగ్గొట్టి దారం తిప్పితే సున్న.
సున్న నెత్తిన తలకట్టు పెడితే ర,
అడుగు పగలగొడితే గ.
తలకట్టు మాత్రం మూలమట్టం పెట్టి
బాడిసెతో చెక్కినట్టు మూడు మూలలు.

ఆ అక్షరానికి సిగ్గు లేదు.
జిన్నింగు మిల్లు నెత్తిన, బోరుబండి వీపున,
పురుగుమందు అంగడి షట్టరు మీద
కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేది.
సిరుగుప్ప నుంచొచ్చే కన్నడ డ్రైవరు
సగం చదివి, సగం ఊహించి
లారీని సరిగ్గా మిల్లు గేటుకే తిప్పేవాడు.

అన్నిటికీ పనికొస్తుందనీ కాదు.
ఉరుకుందప్ప కూతురి పెండ్లిపత్రికను
అదే అక్షరంలో రాయమని పట్టుబట్టినాడు.
రాసి చూస్తే
పెండ్లికొడుకును వేలంపాట పెట్టినట్టుంది.
హుసేనప్పే నవ్వి చించేసినాడు.
"గుసగుస పెట్టను దీనికి నోరు తిరగదు.
సావు కబురుకొద్దు,
ఇంట్లోదానికి రాసే సీటీకీ వద్దు."

అంగళ్లోళ్లకు అందరికీ లక్ష్మే కావాల.
బోర్డు చూస్తే రెండడుగులు,
‘క్ష్మి’ కిందికి దిగేది రెండంతస్తులు.
"ఈయమ్మకు బాడుగిల్లు సాలదు" అని గొణుక్కుంటా
వత్తుల్ని మోకాళ్లు ముడిపించి
మూలన కూర్చోబెట్టేవాడు.

నాకు నేర్పింది మాత్రం ఒక్కటే.
నలుపు నువ్వు గీసేది కాదు, అదే వస్తాది.
లోపలి తెలుపును కాపాడు.
పొట్టలో గాలాడకుంటే అక్షరం సస్తాది.

పత్తి పడిపోయిన ఏడు,
ఆయన జరంతో పడుకున్న రాత్రి
యూనియనోళ్లు నిచ్చెన నా చేతికిచ్చినారు.
గిట్టుబాటు ధర.
లావు మీది మోజులో
‘ధ’ అడుగున గీతను పొట్టలో కలిపేసినా.
తెల్లారి యార్డంతా చదివింది: దర.
ఒక్క రైతూ తప్పు పట్టలేదు.
వాళ్ల నోట్లోనూ అది దరే.

మూడోనాడు దుప్పటి కప్పుకొని వచ్చినాడు.
వద్దన్నా నిచ్చెనెక్కినాడు.
పొట్టకూ గీతకూ నడుమ
తెల్లరంగుతో వేలెడు సందు తీసి దిగినాడు.
"దర మనకు ఎట్లనూ ఈరు.
అచ్చరమన్నా సక్కంగుండనీ."

ఇప్పుడు ఎమ్మిగనూరు రోడ్డులో నాది ఫ్లెక్సీ అంగడి.
గోడ కూలగొట్టక ముందు తీసిన ఫోటోల నుంచి
ఆయన అక్షరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినా.
మౌసు పట్టి లాగితే
ఎంత లావంటే అంత లావు.

‘ధ’ దగ్గర ఆ సందు
ఎడమ పక్క రవ్వంత వంకర.
జరం చెయ్యి.
సమం చేయాలా అని అడుగుతుంది ప్రతిసారీ.
వద్దని నొక్కుతా.