మంగళవారం సెలవు

మంగళవారం మా కత్తెరలకు సెలవు.
చీటీ పాడిన నలభై ఎనిమిది వేలు
బనియన్ లోపలి జేబులో పెట్టుకుని
రామ్మూర్తి నగర్లో బస్సెక్కాను,
బడి వెతుక్కోవడానికి.
ముప్పై ఎనిమిదేళ్లకి.

పొద్దున దోసె తిప్పుతూ సులోచన అడిగింది:
"మసాజ్ అంటే మా అక్కావాళ్లు ఏమనుకుంటారు?"
ఏమనుకుంటారో ఇద్దరికీ తెలుసు.
ఆ మాట ఈ బెంగళూరులో
సగం దించిన షట్టర్ల వెనక, గులాబీ బల్బు కింద
చాలాకాలంగా పనిచేస్తోంది.
దోసె కొంచెం మాడింది.

ఇందిరానగర్ బడి మూడో అంతస్తు.
లిఫ్టులోనే నిమ్మగడ్డి వాసన.
గోడ మీద జలపాతం, గులకరాళ్లు, కళ్లు మూసుకున్న తెల్లావిడ.
కౌంటర్లో అమ్మాయి నున్నటి కాగితం విప్పి
దుబాయి, మాల్దీవులు, ఓడల మీద ఉద్యోగాలు చూపించింది.
ఎనిమిది వారాలు. తొంభై వేలు. జీఎస్టీ వేరే.
"ఇంగ్లీష్ వస్తుందా సర్?"
వచ్చినంత వచ్చు: షార్ట్, మీడియం, జీరో, సైడ్స్ ఓన్లీ.
నా చేతులు ఎలా ఉన్నాయో ఆమె చూడలేదు.
నేనే వాటిని కాసేపు టేబుల్ మీద పెట్టి ఉంచాను,
సంతకు తెచ్చిన సరుకులా.

మరో మంగళవారం మల్లేశ్వరం.
తైలం, ఇత్తడి దీపం, చెప్పులు బయట.
పెద్దాయన తెలుగులోనే పలకరించాడు.
"ఏ ఊరు?"
కదిరి దగ్గర.
అక్కడితో ఆగి ఉంటే ఆరోజే చేరిపోయేవాణ్ణేమో.
"మీరేమిటోళ్లు?" అన్నాడు.
చెప్పాను.
"అయితే రక్తంలోనే ఉంటుందిలే" అని నవ్వి,
నావైపు జరపబోయిన స్టీలు గ్లాసు ఆపి
కాగితం కప్పు కోసం వెతికాడు.

రక్తంలో ఏముందో నాకు తెలీదు.
మా జేజి ఓబులమ్మకు చేతుల్లో ఉండేది.
పురుడొచ్చిన ఇంట్లో ఇరవై ఒక్క రోజులు
బాలింత నడుము, బిడ్డ మాడు, ఆముదం.
ఆ బిడ్డలే పెద్దయి ఆమెను వాకిట్లో నిలబెట్టి మాట్లాడారు.
సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు.
చేటలో బియ్యం పోశారు,
పైనుంచి.

కాక్స్ టౌన్ బడి ఒక కారు షెడ్డు.
ఆరు బల్లలు, ఒకటే ఫ్యాను,
చిటికెన వేలు ఊడిపోతే తీగ చుట్టిన అస్థిపంజరం.
ఫిలోమినా టీచర్‌కి అరవై దాటాయి.
ఫీజు చెప్పలేదు, "చొక్కా తీసి పడుకో" అంది కన్నడంలో.
అంతలో ఆగి,
"పడుకోవడం నీకిష్టమేనా?" అని మళ్లీ అడిగింది.
పందొమ్మిదేళ్లుగా తలలు పట్టి వంచుతున్నాను,
ఎడమకి, కుడికి, కిందికి.
ఎవర్నీ ఆ మాట అడిగినట్టు గుర్తు లేదు.
బనియన్ తీయనన్నాను. డబ్బుందన్నాను.
"సరే, డబ్బుతోనే పడుకో."

ఆమె బొటనవేలు నా భుజం మీద ఆగింది,
తలుపు కొట్టినట్టు కాదు,
కొట్టేముందు నిలబడినట్టు.
"కుడిది అంగుళం ఎత్తుంది. కత్తెరా?"
కత్తెరే.
"ముందు దీన్ని దించుకో. వంకర తక్కెడతో ఎవరికి తూస్తావు?
మొదటి నెల ఒకరి ఒంటి మీదా చెయ్యి వేయనివ్వను.
ఎప్పుడు తీయాలో తెలిశాకే వేయడం."
ఉద్యోగం సంగతి అడిగాను.
గ్యారంటీ లేదంది.
ఆ తర్వాత నిద్రపోయాను. గురక కూడా పెట్టానట.

ఫారం ఒక్క పేజీ.
తండ్రి వృత్తికి గడి లేదు.
పూర్వానుభవం దగ్గర పెన్ను చాలాసేపు ఆగి
జేజి పేరు రాసింది.
టీచర్ కళ్లద్దాలు పైకెత్తి చూసి
"ఎన్నేళ్లు?" అంది, అంతే.

తిరుగు బస్సులో పక్క సీటు పెయింటర్,
చెవి మీద తెల్ల చుక్కలు, ఒళ్లో ఖాళీ డబ్బా,
నిద్రలో నా మీదికి ఒరిగాడు.
మెడ నరం తాడులా బిగిసి ఉంది.
వేళ్లు లేచాయి.
అడగాలంటే లేపాలి.
చేతులు ఒళ్లో పెట్టుకుని
టిన్ ఫ్యాక్టరీ దాకా కదలకుండా కూర్చున్నాను.
కుడి భుజమే. ఎత్తుగా ఉన్నదే.
అతనికి సరిగ్గా సరిపోయినట్టుంది.