గోరు పడని అడుగు

ఊరి పాత పేరు ఎవరికీ పట్టకుండా పడుంటే
పిల్లికి పెట్టుకున్నాను: సింహపురి.
పెద్దబజారులో చేపల గంపల వెనక
తడిసిన గోనెసంచిలో దొరికింది,
అరిచేతిలో పట్టేది అప్పుడు.
రెండోదాని పేరు పులకేశి.
చక్రవర్తి మీద భక్తి కాదు,
కుక్క కనబడితే దాని ఒళ్ళంతా
బొచ్చు లేచి నిలబడుతుంది, అందుకని.

పగలు నేను బైండింగు పనివాణ్ణి.
మైదా జిగురు, ఎర్ర కాలికో గుడ్డ, మైనం రాసిన దారం.
దస్తావేజులు కుడతాను,
ఎవరి పొలం ఎవరికి పోయిందో కుడతాను.
రాత్రయితే మటుకు
ఎవరూ తిరిగి అడగని రాజ్యాలన్నీ నావి.

ఇక్కడే, నెల్లూరి పక్కనే ఎక్కడో,
రైతు నాగలి కుండకు తగిలి
రోము బంగారం బయటపడిందని చదివిన రాత్రి
నాణేల మీది మొహాలు నా కంటికి ఆనలేదు.
మన సరుకు కోసం అంత దూరం నుంచి వచ్చిన ఓడలో
ఎలుకలుంటాయి గదా,
ఎలుకలుంటే...
సింహపురి తలెత్తి చూసింది.
దాని ముత్తవ్వకు ముత్తవ్వ
టిక్కెట్టు లేకుండా సముద్రం దాటి
మన రేవులో దిగి
అడిగుండేది రాజెవరని కాదు,
నెత్తళ్ళు ఎక్కడని.

కాటమ్మ ఇవేవీ నమ్మదు.
పొద్దున్నే గంప దించి
తలకాయలు వేరే పొట్లం కడతా,
"ఏంది సామీ, మీ రాజులకి
కప్పం రోజూ నేనే గట్టాల్నా?" అంటుంది.
కప్పం అనే మాట ఆమెకెట్లా తెలుసో
నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ లేదు.

ఐగుప్తులో పిల్లి చస్తే
ఇంటిల్లిపాదీ కనుబొమలు గొరిగించుకునేవాళ్ళట.
పైకి చదివి వినిపించాను.
పులకేశి ఆవలించింది.
మనవాళ్ళేం తక్కువ తిన్నారా!
మునికి దొరికిపోయిన దేవతల రాజుని
పిల్లిని చేసి పక్కకు తప్పించారు.
మామల్లపురం రాతి మీద ఒంటికాలి తపస్సు చేయించి
కింద ఎలుకల చేత దండం పెట్టించారు.
దాని శాపాలకు ఉట్లు తెగవని వెక్కిరించి,
చివరికి పిల్లల్ని కాచే షష్ఠీదేవికి
వాహనంగా ఇచ్చి, చేసిన తప్పు దిద్దుకున్నారు.

పుస్తకం తెరిస్తే చాలు
పులకేశి వచ్చి పల్లవుల మీద కూచుంటుంది.
తోక కింద కంచి.
పొట్ట కింద, వెచ్చగా, రెండు వందల ఏళ్ళు.
లేపబుద్ధి కాదు.
యుద్ధం అరగంట ఆగుతుంది.

మొన్న ఎండాకాలం, పెన్న ఇసకలో
ట్రాక్టర్లు తవ్విన గుంట అంచున
ఒక ఇటుక దొరికింది.
మూరెడు పొడుగు, పసిబిడ్డంత బరువు.
తువ్వాలులో చుట్టుకొచ్చి
జిగురు బ్రష్షుతో మన్ను దులిపితే
నడిమధ్యన ఒక అడుగు.
నాలుగు వేళ్ళు, వెనక చిన్న దిండు.
చదువుకున్నాయన ఒకాయన చూసి
"కుక్కదయ్యుంటుందిలే" అన్నాడు.
కుక్కయితే గోరు పడుతుంది.
ఇది గోళ్ళు దాచుకుని నడిచింది.

ఒకానొక మధ్యాహ్నం
ఎండబెట్టిన పచ్చి ఇటుకల మీదుగా
ఎవరి పనీ పెట్టుకోకుండా పోయింది.
ఇటుకలు కోసేవాడు
"ఛీ, నీ జిమ్మడ" అని మట్టిగడ్డ విసిరుంటాడు,
మళ్ళీ చదును చెయ్యటానికి బద్ధకించాడు.
ఆ బద్ధకానికి దండం పెట్టాను.
వాడి పేరు పోయింది. గోడ పోయింది.
గోడ కట్టించినాయన బిరుదులన్నీ పోయినాయి.

సింహపురి ముందుకాలు పట్టుకుని
ఆ గుర్తులో పెట్టబోయాను.
ససేమిరా అంది.
గోరు పడింది, నా మణికట్టు మీద.
అంతలోనే ఏమీ ఎరగనట్టు
ఇటుక చల్లగా ఉందని దాని మీదే పడుకుంది.

నోటుపుస్తకం తీసి రాశాను.
దొరికిన చోటు: పెన్న ఒడ్డు.
పొడుగు: ఒక మూర.
కాలం: తెలియదు.
పాలకులు:

పులకేశి అప్పటికే వచ్చి
కాగితం మీద కూచుంది.