ఎక్కువైన కాలు

బల్లార్షా బొగ్గు గాలికి
తెల్లగోడ సుత ఆర్నెల్లల్ల మాసి మసకబారుతది.
అందుకే తడిబట్టతోని నేల రెండుసార్లు తుడిచి
చాప పరిచి, చాప మీద ఉతికిన చాదర్ పరిచి
డబ్బాలు ఒక్కొక్కటే ఇప్పిన.

మదర్‌బోర్డు నాగపూర్ నుంచి.
ప్రాసెసర్ చాందాల వానఖడే అన్న దుకాణంల, సెకండ్ హ్యాండ్.
దాని పిన్నులు రెండు వంగి ఉంటే
అమ్మ జాకెట్లకు గుండీలు కుట్టే సూదితోని
ఊపిరి బిగవట్టి నిలవెట్టిన.
క్యాబినెట్ మాత్రం పేపర్ మిల్లు తుక్కుల దొరికింది,
ఎనభై రూపాయలు,
లోపల ఎండిన బల్లి పుణ్యానికి.
రెండేండ్లు సేవాకేంద్రంల కూసొని
ఊరోళ్ల సాత్‌బారా కాగితాలు తీసిచ్చి
కూడవెట్టిన పైసలియ్యి.

అన్నీ బిగిచ్చి బటన్ ఒత్తిన.
పంకా అరచుట్టు తిరిగి ఆగింది,
దగ్గబోయి మింగినట్టు.
మళ్ల ఒత్తిన.
మళ్ల అరచుట్టు.

ర్యామ్ పీకి పెన్సిల్ రబ్బరుతోని రుద్దిన.
ఈ గాడి కాదని ఆ గాడిల పెట్టిన.
గడియారం సెల్లు తీసి పది నిమిషాలాగి మళ్ల ఏసిన.
ఫోన్ల వానఖడే అన్న
"ఎస్ఎంపీఎస్ బదలున్ బఘ్" అంటే
పక్క క్వార్టర్ సోనాలీ వాళ్లది అడుక్కొచ్చి తగిలిచ్చిన.
అరచుట్టు.
బొమ్మ లేదు, బీప్ లేదు.
మే నెల, నలభై ఆరు డిగ్రీలు,
స్క్రూలు చెమట వేళ్లల్ల నిలుస్తలేవు.
మరాఠీల తిట్టిన, సాలలే.
ఇంట్ల భాషల తిట్టిన,
అమ్మ లోపలికెల్లి దగ్గింది.

రాత్రి పన్నెండు దాటినంక
సెకండ్ షిఫ్ట్ దిగి ఓదెలు మామ వచ్చిండు.
టింబర్‌మాన్.
ఇరవై ఆరేండ్లు బొగ్గుకప్పు కింద దిమ్మలు నిలవెట్టినోడు.
రెప్పల కాడి బొగ్గు ఏ సబ్బుకూ పోదు.
కంప్యూటర్ గురించి ఆయనకు తెల్సింది
జీతం చీటీ దాంట్లకెల్లి వస్తదని, అంతే.

"యాడ పట్టుకుంటున్నది?" అన్నడు.
తెల్వదన్న.
"పలక ఇప్పి పక్కకు పెట్టు."
ఉత్త రేకు మీద వేళ్లు పోనిచ్చిండు,
చీకట్ల కప్పును తట్టి
అది పలికే తీరు ఇనే వేళ్లు.
రేకుకు బిగిచ్చిన పొట్టి ఇత్తడి కాళ్లను
ఒక్కొక్కటే తాకుకుంట పోయిండు.
"నీ పలకకు బొక్కలెన్ని?"
ఎనిమిది.
"కాళ్లు తొమ్మిదున్నయి."

ఎవరిదో పాత బోర్డు కోసం ఎప్పుడో నిలవెట్టిన కాలు
నా బోర్డు వీపుల, టంకం మొనల నడుమ
పొద్దటి సంది పొడుస్తున్నది.

"పని లేని కాడ దిమ్మ పెడితే
కప్పు దాని మీదనే ఒరుగుతది బిడ్డా.
ఎవడన్న నిలవెడ్తడు.
ఏది పీకాల్నో తెల్సుడే కష్టం."
పట్టకారుతోని తిప్పి తీసి
నా అరచేతిల పెట్టిండు.
శెనగ గింజంత. బరువే లేదు.

ఈసారి పంకా ఆగలే.
చిన్న బీప్ ఒకటి.
నల్ల తెర మీద తెల్ల అక్షరాలు.
సెల్లు పీకినందుకు గడియారం అన్నీ మరిచి
జనవరి ఒకటి, రెండు వేల పన్నెండని చూపెట్టింది.
మామకు ఇంగ్లిష్ రాదు, అంకెలొస్తయి.

"పన్నెండా?" అన్నడు.
తువ్వాలతోని మెడ తుడుసుకుంటున్న చెయ్యి ఆగింది.
"పన్నెండు జనవరికి
లింగన్న ఇంక నా జతనే దిగుతుండె."

తారీఖు దిద్దెటందుకు నా వేలు మీట మీద ఉన్నది.
"ఉండనీ కొద్దిసేపు" అన్నడు.

కంచంల జొన్నరొట్టె, పచ్చిపులుసు ఏసుకొని
తెర ఎదురుంగ చాప మీద కూసొని తిన్నడు.
నేను కింది మూలకు ప్రాసెసర్ వేడి చూస్తున్న.
యాభై ఒకటి.
యాభై మూడు.
యాభై నాలుగు కాడికి పోయి
అక్కడ నిలవడ్డది.