ఎడమచేతి గంటె

మా ప్రెస్సు ఆరు సెకండ్లకో గంటెను ఉమ్ముతది.
నేను చివరన నిలబడి చూస్త.
అంచు మీద బొటనవేలు, కాడ మీద చూపుడువేలు.
గీత పడితే ఎర్రడబ్బా, లేకుంటే నీలిడబ్బా.
షిఫ్టుకు ఆరువేల చిల్లర.
పెట్టె మీద అరబ్బీల మగ్రఫా అని ఉంటది,
నేను మాత్రం లోలోపల
ఒక్కొక్కదాన్ని గంటె అనే పిలుస్త.

క్యాంపు ఉన్న జాగ సజ్జా, షార్జా దాటినంక ఇసుకల.
సజ్జరొట్టె దొరకని సజ్జా అని
కొత్తగ వచ్చినోళ్లకు చెప్పి
పోశెట్టి తనే ముందు నవ్వుతడు.
పద్నాలుగు మంది మెస్సుకు వంట ఆయనదే.
ఎడమచేతివాటం.

ఆయన చేతిల ఉన్నది మా ఫ్యాక్టరీది కాదు,
లింబాద్రి చేసింది.
స్క్రాపుల పడేసిన పైపుముక్కను చీల్చి
రాయి మీద పెట్టి సాగగొట్టి
పాత రాడ్డుకు వెల్డింగు పెట్టిండు.
శుక్రవారం పొద్దున మొదలైన చప్పుడు
జుమ్మా పిలుపు దాకా ఆగలే.
రాత్రి షిఫ్టు చేసి పండుకున్నోళ్లు
ఏడు భాషల్ల తిట్టిండ్రు.

కొలతలు ఏ కాగితం మీదా లేవు.
కాడంటే పోశెట్టి మోచేతి నుంచి మణికట్టు.
మెడ వంపంటే మా పప్పుగిన్నె లోతు.
మూతి కుడిపక్కకు ఇంత సాగి ఉంటది,
ఎడమచేత్తో వంచితే చుక్క బయట పడదు.
వడ్డించేవాడు మనవాడే అయినా
ఆ గంటె మాత్రం ఆయనదే:
ఒకసారి నేను కుడిచేత్తో ముంచి
నా అంగీకే వడ్డించుకున్న.

మా గంటె ఏ చెయ్యి అని అడగదు.
తేలిక. తుప్పు లేదు. మేకుకు తగిలియ్య చిల్లు.
లింబాద్రిది కాలుతది, కాడకు గుడ్డ చుట్టాలె,
అతుకు కాడ నల్లచీమల బారు లెక్క మచ్చలు.
న్యాయంగ మార్కులేస్తే మాదే గెలుస్తది.
రంజానుకు కంపెనీ మనిషికొకటి పంచింది,
పోశెట్టి వాటిని వరసగ మేకులకు తగిలిచ్చి
సాక్సులు ఆరేసిండు.

ఒక రాత్రి అచ్చు మార్చుతుంటే
కొమిల్లా షఫీకుల్ చెంప ఆనిచ్చి
ఉక్కును పత్తితో రుద్దుతుండు.
ఇది ఎవరి చెయ్యి చూసి చేసిన్రు భాయ్ అన్న.
ఎవరి చెయ్యీ కాదు, డ్రాయింగు అన్నడు.
కొంచెం సేపాగి,
అంచు గుండ్రం మాత్రం డ్రాయింగుల లేదు,
పిల్లల పెదవులు కోసుకుంటయని
నేనే అరగదీసిన అన్నడు.
నా బొటనవేలు
రోజుకు ఆరువేలసార్లు ఆగేది అక్కడనే.

లింబాద్రి దమ్మాం పోయిండు.
ఎండకాలం నడుమ అతుకు విరిగి
గంటె మూతి పప్పుల మునిగింది.
పోశెట్టి ఏమనలే. కంపెనీ గంటెతో వడ్డిస్తే
స్టవ్వు చుట్టూ పసుపు మరకలు.

మొన్న మంగళారం రేకు జరిగి
ఒకటి వంకరగ దిగింది.
మూతి కుడిపక్కకు సాగి.
ఎర్రడబ్బా మీద చెయ్యి పెట్టిన, పెట్టినట్టే ఉన్న.
నా ఎనకాల ఇంకో నాలుగు పడ్డయి.

టిఫినుల పట్టలేదు, ప్యాంటుల దోపుకున్న.
గేటు కాడి నేపాలోడు నా నడక చూసి
నడుం నొప్పా అన్నడు.

పోశెట్టి దాన్ని దీపానికి పట్టి చూసి
పప్పుల ముంచిండు, వంచిండు.
చుక్క పడలే.
తర్వాత పాత గుడ్డపేలిక తీసి
కాలని కాడకు
గట్టిగ చుట్టుడు మొదలుపెట్టిండు.