జాబితాలో మొదటి పేరు

కవిటి ఆస్పత్రిలో, జనవరి పొద్దున్న,
కాగితం మీద మొదటి పేరు నాది.

ఇరవై రెండేళ్ళుగా
ఉద్దానం పిల్లల తొడలకీ జబ్బలకీ సూదులేశాను.
"చీమ కుట్టినట్టుంటాది, అంతే" అని
ఎన్నిసార్లు అన్నానో.
ఈ రోజు నా జబ్బ నా మాట నమ్మడం లేదు.

మాస్కులడిగితే
కొంగు కట్టుకోమన్నారు.
చేతి తొడుగులడిగితే
ఉతికి ఆరేసుకోమన్నారు.
ఎప్పుడూ ఆఖర్న గుర్తొచ్చే మేం
ఈ మందుకి ముందెందుకయ్యామో
రాత్రంతా లెక్క తేలలేదు.
డాక్టరుగారు "ఏం పర్లేదమ్మా" అన్నారు.
ఆయన మాత్రం సోమవారం వేయించుకుంటారట.

ఐసు పెట్టె మూత తీశారు.
కుర్చీ ఖాళీగా ఉంది.

అప్పుడొచ్చింది దాలమ్మ.
చీపురు గోడకి చేరేసి,
చదువు రాకపోయినా కాగితం మీదికి వంగి
"నా పేరెక్కడున్నాదో సూడమ్మా" అంది.

ఆగస్టులో వార్డు కడిగింది ఆమే.
పోయినోళ్ళ దుప్పట్లు
మేం గుమ్మం దగ్గరే ఆగిపోతే
లోపలికెళ్ళి చుట్టి తెచ్చింది ఆమే.

"కాంట్రాక్టు వాళ్ళ పేర్లు ఇంకా రాలేదే."
"నేదా? మరి నానెవుల్ని?"

మళ్ళీ వెతికాను, వెనక్కి తిప్పి కూడా.
వెనక ఏమీ రాసి లేదు.

జాకెట్టు చెయ్యి పైకి మడిచాను.
ధైర్యం వచ్చి కాదు.
సూదేసే గుంట చెయ్యి వణుకుతుంటే
"నిటారుగా పట్టుకోవే" అని నేనే చెప్పాను.

అరగంట కూర్చోమన్నారు.
వరండాలో చీపురు చప్పుడు
ఆ చివరి దాకా వెళ్ళి
తిరిగి నా కుర్చీ దగ్గరికొచ్చింది.

"కాళ్ళెత్తమ్మా" అంది.